మూడు లిపులు, ఒక ఆట, ఒక కీబోర్డు

2025 ఏప్రిల్ 27, ఆదివారం. సింధనూరు

కీబోర్డు ఇవాళ మళ్ళీ మొండికేసింది. డి కీ ఒకసారి నొక్కితే అసలు పడదు, ఇంకోసారి రెండు పడతాయి. ఇంగ్లీషులో అయితే ఒక అక్షరం ఎక్కువ పడిందని చెరిపేసుకుంటాం. తెలుగులో అంత తేలిగ్గా తెమలదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో డి అంటే పొల్లు. వత్తులు దాదాపు అన్నీ ఆ కీ మీదుగానే రావాలి. "ఆహ్వానిస్తున్నాము" అన్న ఒక్క మాటకే మూడుసార్లు కొట్టాలి. రెండు పొల్లులు పడ్డాయంటే వత్తు కుదరదు, అక్షరం పక్కన చుక్కల సున్నా వచ్చి కూర్చుంటుంది. ముహూర్తాల రోజులు. పెళ్ళి కార్డులు టైపు చేయించుకునేవాళ్ళు షాపులో నా ఎదురుగా కుర్చీలో కూర్చుని స్క్రీను వైపే చూస్తుంటారు.

అరిగింది ఆ ఒక్క కీయే ఎందుకో రాత్రి ఆడుతుంటే తట్టింది. కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటరు ఆటలో కుడివైపు అడుగు వేయించేదీ డి కీయే. పగలు పొల్లు, రాత్రి అడుగు. ఇంటికీ షాపుకీ మోసుకు తిరిగే కీబోర్డు ఇదొక్కటే కాబట్టి ఆ కీకి సెలవు లేదు.

కొత్తది కొనాలి. ఆరు వేలు దాటకూడదు.

ఏప్రిల్ 30, బుధవారం

కొనబోయేముందు నా చేతులు రోజంతా ఏం చేస్తాయో రాసుకుంటున్నా.

తెలుగు: క్యాంపులనే మా తెలుగువాళ్ళ ఊళ్ళ నుంచి వచ్చే పెళ్ళి కార్డులు, గృహప్రవేశాలు, దినకర్మ కార్డులు. ఇన్‌స్క్రిప్ట్‌లోనే కొడతా. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకి కలిపి పెట్టిన అమరిక అది. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. రెండు చేతులూ వంతులవారీగా పనిచేస్తాయి.

కన్నడ: తాలూకా ఆఫీసు అర్జీలు, పహణి (భూమి రికార్డు) తప్పులు సరిచేయమని దరఖాస్తులు, అవే పెళ్ళి కార్డులకు రెండో వైపు. కన్నడ గణక పరిషత్తు వాళ్ళ నుడి సాఫ్ట్‌వేరులో, కె.పి.రావు అమరికలో. ఇందులో పొల్లు ఎఫ్ కీ మీద ఉంటుంది. అంటే తెలుగుకి నడిమి వేలు, కన్నడకి చూపుడు వేలు.

అంకెలు: ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు, ఎకరాలు గుంటలు.

ట్యాలీ: సాయంత్రం రైసుమిల్లు లెక్కలు. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. పై వరస లేకుండా గుమస్తా పని సాగదు.

ఆట: అడుగులకి డబ్ల్యూ, ఏ, ఎస్, డి నాలుగు కీలు, షిఫ్ట్, కంట్రోల్, స్పేస్.

అన్నీ లెక్కవేస్తే బరువు ఎక్కువగా ఎడమ చేతిమీదే పడింది. కీబోర్డుల ప్రకటనలన్నీ మాత్రం రంగు లైట్ల గురించే చెబుతున్నాయి.

మే 3, శనివారం

బాబాయ్ ఎరువుల షాపుకి వెళ్ళా. కౌంటరు మీద టీవీఎస్ గోల్డ్ అనే మెకానికల్ కీబోర్డు ఉంది. నేను బడికెళ్ళే రోజుల నుంచీ అదే. యూరియా దుమ్ము, టీ మరకలు, ఎన్ని పడ్డా టకటకలాడుతూనే ఉంది.

మెకానికల్ కీబోర్డంటే గేమింగ్ వాళ్ళ కొత్త సరదా అనుకుంటారు గానీ మన దేశంలో అది ముందు వచ్చింది బిల్లింగ్ కౌంటర్లకీ బ్యాంకులకీ రైల్వే రిజర్వేషన్ కిటికీలకీ. ఆ చప్పుడు విననివాళ్ళు ఉండరు. పాత గోల్డ్‌లో జర్మనీ చెర్రీ కంపెనీ బ్లూ స్విచ్‌లుండేవి. మామూలు కీబోర్డులో కీలన్నిటి కిందా ఒకే రబ్బరు పరుపు. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, అందులో స్ప్రింగు, లోహపు రేకులు.

"దీన్ని ఇచ్చెయ్ బాబాయ్, నీకు కొత్తది కొనిస్తా" అన్నా.

"ఇది పోయినప్పుడు చూద్దాంలేరా. నేను పోయాక పోతుందేమో" అన్నాడు.

ఆయన చూడకుండా ఆట కీలు నాలుగూ గబగబా తట్టి చూశా. టైపింగుకి బంగారమే. ఆటకి మాత్రం బ్లూ పనికిరాదు. టక్కుమన్న చోటు కన్నా ఇంకా పైకి లేస్తేగానీ అది మళ్ళీ నొక్కడానికి సిద్ధం కాదు. వెంటవెంటనే తట్టాలంటే వేలు పూర్తిగా ఎత్తాల్సి వస్తుంది. పైగా రాత్రి పదకొండింటికి ఆ చప్పుడు చేస్తే పక్క మంచం మీద నాన్న లేచి కూర్చుంటారు.

మే 9, శుక్రవారం

స్విచ్‌ల రంగులు. ఇవన్నీ 1980ల మొదట్లో చెర్రీ తెచ్చిన ఎంఎక్స్ రకం నుంచి వచ్చినవే. ఎరుపు: సాఫీగా దిగుతుంది, 45 గ్రాముల బరువుకే. నలుపు: అదీ సాఫీయే, 60 గ్రాములు. గోధుమ: మధ్యలో చిన్న గడ్డ వేలికి తగులుతుంది, టక్కుమనదు. నీలం: గడ్డ, టక్కు రెండూ. మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు, అక్షరం పడేది సుమారు 2 దగ్గర. అడుగుదాకా గుద్దక్కర్లేదు. వేళ్ళకి సుఖం అక్కడే.

2014 ప్రాంతంలో చెర్రీ పేటెంట్ల గడువు తీరింది. గేటరాన్, కైల్, ఔటెమూ లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో చేయడం మొదలుపెట్టాయి. రంగుల భాష కూడా చాలావరకు అదే. ధరలు నాలాంటివాళ్ళ అందుబాటుకి దిగింది ఆ తర్వాతే.

ఆయుష్షు సంగతి: చెర్రీ ఎరుపుకి 10 కోట్ల నొక్కులు, నీలానికి 5 కోట్లు అని రాసుకుంటుంది. మా దుమ్ములో కాదు గదా ఆ లెక్క.

మే 13, మంగళవారం

దుమ్మంటే నిజంగా దుమ్మే. రెండో పంట కోతలై వడ్లు మిల్లులకి తోలుతున్నారు. మధ్యాహ్నం షాపు తలుపు తీస్తే చాలు, ఊకపొడి సన్నగా వచ్చి కీల సందుల్లో పడుతుంది. స్విచ్‌లో రేకుల మధ్య నలుసు చేరితే ఒక నొక్కుకి రెండక్షరాలు పడటం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కైల్ బాక్స్ అని ఒక రకం ఉంది. రేకుల చుట్టూ చిన్న గోడ కట్టినట్టుంటుంది, దుమ్మూ నీటి చుక్కలూ తట్టుకుంటుందని ఐపీ56 రేటింగు. మనకి నప్పేదే.

దానికన్నా ముఖ్యమైంది హాట్‌స్వాప్. స్విచ్‌లు టంకం వేయకుండా సాకెట్లలో గుచ్చి ఉంటాయి. పాడైన ఒక్కదాన్ని చిమటాలాంటి దానితో లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు. టంకం వేసిన బోర్డయితే ఒక్క డి కోసం సర్వీసు షాపు వెతుక్కుంటూ రాయచూరు పోవాలి. లేదా మొత్తం పారెయ్యాలి.

కీల మూతల సంగతీ చూశా. ఏబీఎస్ ప్లాస్టిక్ చెమట చేతులకి త్వరగా జిడ్డుగా మెరుస్తుంది. పీబీటీ గరుకుగా ఉండి ఎక్కువకాలం నిలుస్తుంది. తెలుగు, కన్నడ స్టిక్కర్లు అంటించడం మానేశా. వేళ్ళకి చోట్లు తెలుసు.

మే 18, ఆదివారం. రాయచూరు

కలిసి ఆడే స్నేహితుడి గదికి వచ్చా. వీడి దగ్గర మాగ్నెటిక్ కీబోర్డుంది. స్విచ్‌లో రేకులుండవు. నొక్కితే దిగే కాడకి అయస్కాంతం, కింద సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం. కీ ఎంత లోతుకి దిగిందో అది కొలుస్తూనే ఉంటుంది కాబట్టి ఎక్కడ అక్షరం పడాలో మనమే పెట్టుకోవచ్చు. వేలు కాస్త లేచిందంటే కీ వదిలినట్టే. దీన్నే ర్యాపిడ్ ట్రిగ్గర్ అంటారు.

ఆడి చూశా. కౌంటర్ స్ట్రైక్‌లో పరుగెత్తుతూ కాలిస్తే గుండు గురిమీద పడదు. డి పట్టుకుని కుడికి పోతున్నప్పుడు, దాన్ని వదిలి ఒక్క క్షణం ఎడమవైపు పోయే 'ఏ' కీ తడితే మనిషి టక్కున ఆగుతాడు. ఆ ఆగడం ఈ కీబోర్డు మీద ఎంత శుభ్రంగా ఉందో! అసూయ కలిగింది.

"ఇదే కొనరా, ఇంకేం చూడకు" అన్నాడు.

అక్కడే తెలుగులో ఒక పేరా కొట్టి చూశా. వాడు ఆటకోసం 0.2 మిల్లీమీటర్లకి పెట్టుకున్నాడు, వేలు ఆనితే గుడి, తగిలితే కొమ్ము. 1.5కి పెంచాక కుదిరింది. అయినా వేలికి తగిలే గడ్డ లేదు, ఈ రకం దాదాపు అన్నీ సాఫీవే. మామూలు మెకానికల్ స్విచ్‌లు ఆ సాకెట్లలో పనిచెయ్యవు. రోజుకి ఎనిమిది గంటలు టైపు చేసేవాడికి ఆ గడ్డ అవసరం.

ఇంకొకటి. రెండు ఎదురు కీలు కలిసి నొక్కి ఉన్నా చివరిదాన్నే లెక్కలోకి తీసుకునే స్నాప్ ట్యాప్ అని 2024 జూలైలో రేజర్ తెచ్చింది. ఆగస్టు కల్లా వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2లో దాన్ని నిషేధించింది. వాడితే మ్యాచిలోంచి బయటికి పంపుతారు. చేతి నేర్పుతో చేయాల్సింది కీబోర్డు చెయ్యకూడదన్నమాట. నాకు న్యాయంగానే తోచింది.

మే 22, గురువారం

వేగం లెక్క వేసి చూశా. 125 హెర్ట్‌జ్ కీబోర్డు కంప్యూటరుకి 8 మిల్లీసెకన్లకోసారి కబురు చెబుతుంది. 1000 హెర్ట్‌జ్‌ది 1 మిల్లీసెకనుకోసారి. ఇప్పుడు 8000 అంటున్నారు, అంటే 0.125. మా క్యాంపు నుంచి ముంబై సర్వరుకి పోయి రావడానికే 40 పైన పడుతుంది. 1000 చాలు. ఆ పైన పెట్టే డబ్బు మా ఇంటి నెట్టుకి పెడితే ఎక్కువ ఫలితం.

సైజు: 104 కీల పూర్తి బోర్డు పెడితే మౌసుకి చోటు చాలదు, చెయ్యి బల్ల అంచుకి కొట్టుకుంటుంది. 60 శాతం బోర్డులో ఎఫ్ వరస లేదు, ట్యాలీ పోయినట్టే. 87 కీలది, అంకెల భాగం లేనిది సరిపోతుంది. అంకెలకి విడిగా యూఎస్‌బీ నంబరు ప్యాడ్. దాన్ని షాపులోనే వదిలెయ్యొచ్చు, ఎడమవైపు పెట్టుకోవచ్చు కూడా. మౌసు కుడిచేతిలోనే ఉంటుంది, అంకెలు ఎడమ చేత్తో కొట్టొచ్చు.

మే 25, ఆదివారం

ఆర్డరు పెట్టా. 87 కీలు, హాట్‌స్వాప్, పీబీటీ మూతలు, విడదీసుకునే టైప్-సి వైరు, 1000 హెర్ట్‌జ్, గోధుమ స్విచ్‌లు. వయా అనే సాఫ్ట్‌వేరుతో కీల పని మార్చుకోవచ్చు. వైర్‌లెస్ వద్దనుకున్నా. బ్యాటరీ ఒక బెడద, ధర ఇంకో బెడద. విడిగా కొన్ని ఎర్ర స్విచ్‌లు కూడా. నంబరు ప్యాడ్‌తో కలిపి ఆరు వేలకి కొంచెం లోపలే.

జూన్ 1, ఆదివారం

వచ్చింది. ముందు చేసిన పని కీలు పరీక్షించడం. పాతదాంట్లో షిఫ్ట్, డబ్ల్యూ, ఏ పట్టుకుని స్పేస్ కొడితే ఎగిరేది కాదు. చవక బోర్డులో కీలన్నీ అడ్డం నిలువు తీగల మీద ఉంటాయి, కొన్ని కీలు కలిసి పడితే ఏది నొక్కారో దానికి తేలదు. ప్రతి స్విచ్‌కీ డయోడ్ ఉన్న బోర్డులో ఆ తికమక రాదు. దీంట్లో ఎన్ని నొక్కితే అన్నీ పడ్డాయి. కొనేవాళ్ళు డబ్బా మీది మాట నమ్మకుండా మొదటిరోజే ఇది చూసుకోవాలి, వాపసు గడువు ఉండగానే.

జూన్ 8, ఆదివారం

డబ్ల్యూ, ఏ, ఎస్, డి కింద గోధుమవి లాగేసి ఎర్రవి పెట్టా. మిగతా అంతా గోధుమే. పగలు టైపు చేస్తే ఆ నాలుగు కీల కింద గడ్డ తగలదు, అయినా తెలుగుకి ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ చోట్లున్నవి ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. హల్లు కుడి చేత్తో పడ్డాక ఇవి తేలిగ్గా అందుకోవడమే మంచిది. రాత్రి ఆటలో అడుగులు సాఫీగా పడుతున్నాయి. స్నేహితుడి అయస్కాంతాల పదును లేదు, బ్లూలో ఉన్న మొండితనమూ లేదు.

వయాలో రెండు కీలు మార్చా. కుడి ఆల్ట్‌ని భాష మార్చే కీగా చేశా, ఒక్క తట్టుతో ఇంగ్లీషు, తెలుగు. స్క్రోల్ లాక్‌ని ఎవరూ వాడరు, దానికి తెలుగు పొల్లుని విడిగా నిలబెట్టే పని అప్పజెప్పా. "కార్డ్‌లు" అని రాయాలంటే డ కింద ల వత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి. ఇదివరకు దానికి మూడు కీలు కలిపి నొక్కేవాణ్ణి. ఇంగ్లీషు, ఉర్దూ పేర్లలో చాలావాటికి ఇది కావాలి. ఇంతకన్నా పనికొచ్చే మార్పు ఈ కీబోర్డులో ఇంకోటి లేదు.

జూన్ 22, ఆదివారం

నన్ను చూసి పక్క జిరాక్స్ షాపు అబ్బాయి అడిగాడు, ఏది కొనమంటావన్నా అని. చెప్పింది ఇక్కడా రాసుకుంటున్నా.

ఆట ఒక్కటే అయితే మాగ్నెటిక్ కొను. టైపింగ్ ఒక్కటే, చప్పుడుకి ఎవరూ విసుక్కోరు అనుకుంటే టీవీఎస్ గోల్డ్ చాలు. ఈమధ్య వచ్చినవాటిలో లోపలి స్విచ్ ఏ కంపెనీదో కనుక్కుని కొను. పగలు పని, రాత్రి ఆట, రెండూ ఒకే కీబోర్డు మీద సాగాలంటే సాకెట్లున్నదే కొను, స్విచ్‌లు నీ వేళ్ళ పనిని బట్టి మార్చుకో. లైట్లు చూసి పైసా ఎక్కువ పెట్టకు. ముందు నీ పాత కీబోర్డులో ఏ కీ అరిగిందో చూడు, కొత్తదాంట్లో ఆ కీ కింద మంచి స్విచ్ ఉంటే సగం ఎంపిక అయిపోయినట్టే.