నలుగురు రాజుల సముద్రం

వైగియో దీవిలో నది ఒడ్డున ఒకామెకి ఏడు గుడ్లు దొరికాయట. ఇంటికి తెచ్చి దాస్తే నాలుగింట్లోంచి రాజకుమారులు పుట్టి తలో దీవినీ ఏలుకున్నారు. అందుకే ఆ చోటు రాజా అంపత్... అంటే నలుగురు రాజులు. 'రాజా' మనకి తెలిసిన మాటే, సంస్కృతం నుంచి అంత దూరం వెళ్లింది!

ఇండోనేషియాకి తూర్పు కొసన, పపువా పక్కన పదిహేను వందలకు పైగా దీవులు. చాలావాటిలో మనుషులే ఉండరు. సున్నపురాయి గుట్టలు అడుగున కోసుకుపోయి పుట్టగొడుగుల్లా నీళ్లలో నిలబడి ఉంటాయి. జకార్తా నుంచి సొరాంగ్‌కి విమానం, అక్కణ్నుంచి వైసాయ్‌కి రెండు గంటల పడవ ప్రయాణం. ఊళ్లలో పపువా కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు ఉన్నాయి.

అసలు వింతంతా నీటి అడుగునే. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రం వైపు సాగే ప్రవాహాలు ఇక్కడికి ఆహారాన్నీ చేపపిల్లల్నీ మోసుకొస్తాయి. ప్రపంచంలోని గట్టి పగడాల జాతుల్లో దాదాపు ముప్పాతిక వంతు ఇక్కడున్నాయి. 2012లో జెరీ అలెన్ అనే శాస్త్రవేత్త క్రి దీవి దగ్గర ఒకే ఒక్క డైవ్‌లో 374 రకాల చేపల్ని లెక్కపెట్టాడు. చీకటిపడ్డాక రెక్కలే కాళ్లుగా పగడాల మీద నడిచే షార్క్ కూడా ఉంది. మూరెడు, రెండు మూరలుండే జీవి... భయపడక్కర్లేదు!

ఈ సంపదని కాపాడుకోవడం ఊళ్లవాళ్లకి కొత్త కాదు. 'ససి' పేరుతో కొన్ని నెలలపాటు ఒక చోట వేట మానేస్తారు. గడువయ్యాకే వల. మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లు ఆగిపోతాయి. అయితే మనది సర్కారు ఉత్తర్వు, వాళ్లది ఊరి మాట.

ఊరి మాటకి లొంగనిది నికెల్. స్టెయిన్‌లెస్ స్టీలుకీ, విద్యుత్ వాహనాల బ్యాటరీలకీ కావాల్సిన ఆ ఖనిజం కొన్ని దీవుల మట్టిలోనే ఉంది. చెట్లు కొట్టి తవ్వితే వానకి ఎర్రమట్టి సముద్రంలోకి దిగుతుంది. పగడాల మీద పేరుకుని వెలుతురు అందనివ్వదు. జనం గొంతెత్తాక 2025 జూన్‌లో ప్రభుత్వం అయిదు కంపెనీల్లో నాలుగింటి అనుమతులు రద్దుచేసింది. మిగిలింది గాగ్ దీవిలోని గని. కొన్నాళ్లు ఆగి సెప్టెంబరులో మళ్లీ మొదలైంది. రాజా అంపత్‌ని యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిందీ ఆ నెలలోనే.