బట్టమేక పిట్ట కూసిన బీడు

మా జేజినాయన ఖాళీ కడవ మూతికి నోరానించి ఊదేవాడు. "హూం..." అని కడవ కడుపులోంచి ఒక మోత లేచి, వంటింటి గోడలకు తగిలి ఆగేది. "ఇదబ్బీ, బట్టమేక పిట్ట కూత. ముంగారు వానలు రెండు పడనీ, నిజం కూతే వినిపిస్తా" అనేవాడు.

మాది అప్పటి కర్నూలు జిల్లాలో నందికొట్కూరు పక్క పల్లె. రోళ్లపాడు దిక్కున బండిబాట పట్టుకొని పోతే కనుచూపు మేరా బీడే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున జేజినాయన నన్ను లేపి ఆ బాటలో నడిపించాడు. మంచుకు తడిసిన గడ్డి మోకాళ్లకు తగులుతోంది. దూరంగా ఎవరో తెల్ల పంచె ఆరేసినట్టు కనిపించింది. "కదలొద్దు" అన్నాడు. ఆ పంచె కదిలింది. మనిషి నడుమెత్తు పిట్ట, నెత్తిన నల్లటి టోపీ పెట్టుకున్నట్టుంది. మెడ కింద తిత్తిలోకి గాలి నింపుకొంది. తిత్తి ఉబ్బి కాళ్ల దాకా వేలాడింది. అప్పుడు వచ్చింది కూత. చెవికన్నా ముందు రొమ్ముకు తగిలింది.

మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుందని, ఎగిరే పిట్టల్లో ఇంత బరువైనవి లోకంలో కొన్నేనని తర్వాత చదువుకున్నాను. జేజినాయనకు ఆ లెక్కలు తెలియవు. ఆయనకు తెలిసింది వేరు. ఆ పిట్ట గూడు కట్టదు, ఒట్టి నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. కొర్ర చేలో గుంటక తోలేటప్పుడు గుడ్డు కంటబడితే ఎద్దుల్ని ఆపి, గుంటక పైకెత్తి, ఆ చుట్టూ నాలుగు బారల నేల వదిలేసి ముందుకు పోయేవాడు. "మిడతలు తినే పిట్టరా, మనకు కూలి అడగని కాపరి" అనేవాడు.

ఆ బీడు ఎవరి పేరునా లేకపోయినా అందరికీ పనికొచ్చేది. గొర్రెల మందలు అక్కడే మేసేవి. కొట్టాల కప్పులకు బోదగడ్డి అక్కడినుంచే వచ్చేది. చలికాలంలో మా జేజి ఒడినిండా రేగుపళ్లు తెచ్చేది. రెవెన్యూ లెక్కల్లో మాత్రం ఆ నేలకు ఒకటే మాట, బంజరు.

1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వచ్చి రోళ్లపాడులో మకాం వేశారు. దుర్భిణీలు పెట్టుకొని పొద్దస్తమానం పిట్టలనే చూస్తూ కూర్చునే వాళ్లను ఊళ్లో జనం వింతగా చెప్పుకునేవారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. చెట్లే లేని అడవి ఏమిటని మా ఊరి వాళ్లు నవ్వుకున్నారు.

ఆ రోజుల్లోనే నేను బ్యాంకులో చేరాను. బోరుకు, మోటారుకు, ట్రాక్టరుకు అప్పు అడిగిన రైతు పొలం చూసి వచ్చి ఒక ఫారం నింపాలి. అందులో "ప్రస్తుత వినియోగం" అని ఒక గడి ఉండేది. బీడు కొట్టి చేను చేసుకుంటానని అప్పు అడిగినప్పుడల్లా ఆ గడిలో నీలం సిరాతో "ఏమీ లేదు" అని రాసేవాణ్ణి. అలా ఎన్ని ఫారాలు నింపానో లెక్కలేదు. అబద్ధం రాస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. రైతుకు పంట కావాలి, బ్యాంకుకు వసూలు కావాలి. గుంటక ఎత్తిన జేజినాయన అప్పటికే పోయాడు.

కాలువల నీళ్లు వచ్చాయి. కొర్రలు, సద్దలు పోయి పత్తి, పొద్దుతిరుగుడు వచ్చాయి. పత్తికి మందు కొట్టడం మొదలయ్యాక మిడతలు తగ్గాయి. అభయారణ్యంలో పిట్ట తగ్గి జింక పెరిగింది. ఆ జింకలు చేలమీద పడి మేస్తుంటే రైతులు అటవీ శాఖను తిట్టుకుంటూ రాత్రిళ్లు కావలి కాశారు. పిట్ట ఎప్పుడు పోయిందో చెప్పలేను. చుట్టం వెళ్లొస్తానని చెప్పి పోతాడు, తేదీ గుర్తుంటుంది. ఇది చెప్పకుండా పోయింది. ఏదో ఒక ముంగారులో కూత వినిపించలేదు. మరుసటేడు వినిపిస్తుందిలే అనుకున్నాం.

తర్వాత మా జిల్లాకు ఎండ కోసం డబ్బు వచ్చింది. 2015 నవంబరు వేలంలో ఇక్కడి గని అనే ఊరి సోలార్ పార్కులో 500 మెగావాట్లకు సన్ ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ 4 రూపాయల 63 పైసలకే ఇస్తానంది. దేశంలో అంత తక్కువ ధర అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలకే ఆ కంపెనీ దివాలా తీసింది. పని చేతులు మారినా ఆగలేదు. 2017 నాటికి దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు నిలబడింది. బస్సులోంచి చూస్తే నేల మీద నల్లటి చెరువు పరిచినట్టుంటుంది. బొగ్గు కాల్చని ఆ కరెంటు మీద నాకు ఫిర్యాదు లేదు. కరువు సీమలో పుట్టినవాడికి ఎండలు ఏటికేడు ముదరడమంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మా పిట్టను పోగొట్టింది కూడా ఆ సోలార్ పలకలు కావు. అవి రాకముందే అది పోయింది.

ఇంకోచోట మాత్రం ఆ పిట్టా, ఆ పలకలూ ఎదురుపడ్డాయి. బయట స్వేచ్ఛగా మిగిలిన నూట యాభైలోపు పిట్టల్లో చాలావరకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారిలో ఉన్నాయి. దేశం సోలార్ కరెంటుకు ఎంచుకున్న నేలా అదే. కళ్లు పక్కలకు ఉండడంతో ఆ పిట్టకు ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనబడదు. కనబడేసరికి బరువైన ఒళ్లు పక్కకు తిప్పుకోలేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం రాయడంలో ముఖ్యుడైన ఎం.కె. రంజిత్‌సింహ్ ఆ పిట్టను కాపాడమని సుప్రీంకోర్టుకెక్కారు. 2021 ఏప్రిల్‌లో కోర్టు తీగలు భూమిలో వేయమంది. దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో అది సాధ్యం కాదని ప్రభుత్వం మొరపెట్టుకుంది. 2024 మార్చి 21న కోర్టు ఆ ఆదేశాన్ని సడలించింది. వాతావరణ మార్పుల చేటు నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కని ఆ తీర్పులోనే చెప్పింది. 2025 డిసెంబరులో మరో తీర్పు వచ్చింది. కంపెనీల సామాజిక బాధ్యతలో పర్యావరణ బాధ్యతా కలిసే ఉందని, దానికి పెట్టే ఖర్చు దానధర్మం కాదని అందులో ఉంది.

మా బీటిలో కూసిన పిట్ట పేరు మీద నడిచిన కేసులో దేశానికి ఒక కొత్త హక్కు దొరికింది. ఆ మాట పేపర్లో చదివిన రోజు నాకు మాత్రం జేజినాయన వదిలేసిన నాలుగు బారల నేల కళ్లలో మెదిలింది. ఏ కోర్టూ చెప్పకుండానే ఆయన గుంటక ఎత్తాడు.

ఇప్పుడు పర్యావరణ పనుల కోసమని అప్పు తీసుకునే గ్రీన్ బాండ్ల కాలం. 2015లో యెస్ బ్యాంకు వెయ్యి కోట్లతో మన దేశంలో వాటికి దారి తెరిస్తే, 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వమే అమ్మింది. అతిపెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యి 2022-23 నుంచి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నమూనాలో సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలి. రిటైరైనా పాత అలవాటు పోక అలాంటి నివేదికలు తిరగేస్తుంటాను. పర్యావరణపరంగా సున్నితమైన చోట్ల మీకు ప్లాంట్లు, ఆఫీసులు ఉన్నాయా అని అడిగే గడి ఒకటి ఉంది. దాన్ని చూస్తే నా ఫారం గుర్తొస్తుంది. ఈ గడి ఆనాడే ఉంటే నేనేం రాసేవాణ్ణి? నిజం చెప్పాలంటే "లేవు" అనే రాసేవాణ్ణేమో. బంజరు అని పేరు పడ్డ నేలను సున్నితమైందని ఎవరనుకున్నారు గనుక? బీటికి కాగితం మీద ముందొక మంచి పేరు పెట్టాలి. ఆ తర్వాతే చట్టమైనా, డబ్బయినా దానివైపు చూస్తుంది.

మొన్న సంక్రాంతికి మనవడు వచ్చాడు. బట్టమేక పిట్ట గురించి చెబితే ఫోన్లో వెతికి జైసల్మేర్ పిట్ట వీడియో పెట్టాడు. మెడ తిత్తి ఊగుతోంది. కూత మాత్రం దోమ మోతంత కూడా రాలేదు. అంత లోతు గొంతు ఆ చిన్న స్పీకరులో పట్టదు. "ఇంతేనా తాతా?" అన్నాడు.

లేచి వంటింట్లోకి పోయాను. కడవలు ఎప్పుడో పోయాయి, స్టీలు బిందె ఉంది. మూతికి నోరానించి ఊదాను. రెండుసార్లు గాలే పోయింది. మూడోసారి అడుగునుంచి మోత లేచింది. వాడు వచ్చి బిందె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఇంకోసారి" అన్నాడు.