ఊగితేనే బతికే అడవి

కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం. 28 అడుగుల లోతున్న ట్యాంకు నిండా కెల్ప్ అనే సముద్రపు నాచు... ఊయలూగుతున్నట్టే ఉంటుంది. ముచ్చటగా ఉంది కదా అనిపిస్తుంది కానీ, ఆ ఊపు ఆగితే నాచుకు ప్రాణగండమే! నేలలోంచి సారం పీల్చే వేళ్లు దానికి లేవు. ఆకులను తాకుతూ నీళ్లు కదిలితేనే తిండి. పంపులు నీళ్లను ఒకవైపే తోస్తే చాలదు, కడలిలోలా ముందుకీ వెనక్కీ ఆడాలి. అందుకే హ్యూలెట్ ప్యాకార్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకార్డ్ స్వయంగా అలల యంత్రానికి రూపమిచ్చారు. ట్యాంకు పైన ప్లంజర్ రోకలిలా లేస్తూ దిగుతూ నీళ్లను ఊపుతుంది. 1984లో అక్వేరియం తెరిచారు. పగలు వడకట్టిన నీళ్లే వదులుతారు, వచ్చినవాళ్లకు చేపలు కనపడాలిగా! రాత్రి మాత్రం వడకట్టని సముద్రపు నీరు. దాంతోపాటే కొట్టుకొచ్చిన బుల్లి జీవులు లోపలే కాపురం పెట్టేస్తాయి. నాచు మరీ ఏపుగా పెరిగితే ఈతగాళ్లు దిగి కత్తిరిస్తారు.