సాంచాలు ఆపిన పది నిమిషాలు

మా తాత సిరిసిల్ల నుంచి భివండికి వచ్చింది సాంచాల మీద పనికే. నాయిన కనేరిలో సొంతంగా ఆరు సాంచాలు పెట్టుకున్నడు. కింద కార్ఖానా, పైన మా ఇల్లు. నేను మాత్రం బళ్ళారిలో మేనమామ ఇంట్లో ఉండి కన్నడ మీడియంలో చదివిన. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నాయిన దగ్గర నేర్చుకున్న. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సెలవు దొరికితే కెమెరా పట్టుకుని తిరగడమే.

2024 ఈ పిచ్చికి మంచి ఏడాది. ఠాణే పక్కన యేవూర్ కొండల్లో కార్వీ పూసింది. ఎనిమిదేళ్ళకు ఒకేసారి పూసి, విత్తనం రాల్చి చచ్చిపోయే మొక్క. 2016లో పూసింది, మళ్ళీ 2032లోనే. చిక్కమగళూరు వైపు ఈ జాతి పూలను గురిగె అంటారు. ఆ మాట చెబితే అవ్వ "గురిగి అంటే మట్టిది గదరా, పువ్వెట్లయితది?" అని నవ్వింది.

అక్టోబర్‌లో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చింది. పొద్దుగూకినాక పడమట, శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ నడుమ. భివండి లైట్లలో కంటికి ఆనదు, కెమెరాను నాలుగైదు సెకన్లు తెరిచి ఉంచాలి. మా డాబా మీద అదే కష్టం. కింద సాంచాలు ఆడుతుంటే ఇల్లు సన్నగా వణుకుతది. పుట్టినప్పటి నుంచి అలవాటు కాబట్టి మాకు తెలియదు గానీ ట్రైపాడ్‌కు తెలుస్తది. ఫోటోలో చుక్కలన్నీ మెలికలు తిరిగిన పురుగుల్లా పడ్డాయి.

నాయినకు చూపించిన. అడగాలని కాదు, ఊరికే. సాంచా ఆగితే ఎంత బట్ట పోతదో నిమిషాల లెక్కన చెప్పే మనిషి ఆయన.

"మళ్ళ ఎప్పుడొస్తదట?"

"ఎనభై వేల ఏండ్లు అంటున్నరు."

ఏమీ అనకుండా కిందికి పోయిండు. ఒకటి తర్వాత ఒకటి ఆరూ ఆగినయి. అంత నిశ్శబ్దంలో అవ్వ భయపడి "ఏమైందిరా?" అని బయటికొచ్చింది. పది నిమిషాల్లో పదకొండు ఫోటోలు తీసిన. మూడింట్లో తోక స్పష్టంగా ఉంది. ఒకటి కార్ఖానా గోడకు, అమ్మవారి పటం పక్కన పెట్టిండు నాయిన.

2025 ఎండాకాలంలో ఆ ఆరింటినీ పాత ఇనుము కింద అమ్మినం. నూలు ధర, కరెంటు బిల్లు, పనోళ్ళు దొరకకపోవడం, ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన కథే.

సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మబ్బుల సందుల్లో ఎర్రటి చంద్రుడు. రెండు సెకన్లు తెరిచినా గీత కదల్లేదు. నాయిన పైకి వచ్చి ట్రైపాడ్ కాలు మీద చెయ్యి పెట్టి చూసిండు. కాసేపు అట్లనే పెట్టి ఉంచిండు.