తువాస్ నుంచి బార్సిలోనా దాకా

"ఉద్యోగం తువాస్‌లో" అనగానే మన సభల్లో ఎదుటివారి మొహంలో కాస్త జాలి కనిపిస్తుంది. "అబ్బో, అంత దూరమా!" అంటారు. నిజమే, ఈ దీవికి పడమటి కొస అది. 2017లో రైలు తువాస్ లింక్ దాకా వచ్చింది గనుక బతికిపోయాం. అంతకుముందు కంపెనీ బస్సు తప్పిపోతే ఆ రోజు సంపాదన టాక్సీకే సరి. ఒకప్పుడు అక్కడి జాలరులు కొబ్బరాకులు నీళ్లలో దించి, ఆ నీడకు చేరిన చేపల్ని వలేసి పట్టేవారట. ఆ పద్ధతికున్న మలయ్ పేరే ఊరి పేరైందని చెబుతారు. ఇప్పుడు ఆ నీడకు చేరిన చేపలం మనమే!

సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చడం నా వృత్తి. ఈ దేశంలో అలాంటి మొదటి ప్లాంటు 2005లో తువాస్‌లోనే మొదలైంది. మా నాలుగు కుటుంబాల బృందంలో నేనుగాక ఓడల మరమ్మతు ఇంజనీరు ఒకాయన, సాఫ్ట్‌వేర్ ఆయన ఒకరు, డాక్టరు గారు ఒకరు. పదకొండేళ్లుగా "వచ్చే జూన్‌కి స్పెయిన్" అనుకుంటూనే ఉన్నాం. ఒక జూన్‌లో పిల్లల పరీక్షలు, ఇంకో జూన్‌లో మా అమ్మ కంటి ఆపరేషన్, ఆ తర్వాత కోవిడ్. 2025 సంక్రాంతికి మా ఇంట్లో భోజనాలయ్యాక డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు: "బావగారూ, ఆగస్టులో ఏలూరు వెళ్లిపోతున్నాం. ఇక తిరిగి రాము."

ఇక వాయిదా వేయడానికి వచ్చే జూన్ లేదు. వారం తిరక్కుండా టికెట్లు కొన్నాం.

బార్సిలోనాలో ఆ జూన్ ఎండ మన బెజవాడ రోహిణి ఎండకి తమ్ముడే. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగే. పెరుగన్నం తిని పడుకుందామంటే సూర్యుడు ఒప్పుకోడు. మొదటి సాయంత్రం సముద్రపొడ్డున నడిచాం. ఆ ఇసుక తీరం చాలావరకు 1992 ఒలింపిక్స్ కోసం తయారు చేసిందే. అంతకుముందు ఆ పోబ్లెనౌ ప్రాంతమంతా మిల్లులు, కార్ఖానాలు, రైలు పట్టాలు. ఓడల ఇంజనీరు గారు నడుస్తూ నడుస్తూ ఆగి, "మనం సముద్రాన్ని పూడ్చి ఫ్యాక్టరీలు కట్టాం. వీళ్లు ఫ్యాక్టరీలు తీసి సముద్రానికి దారిచ్చారు. రెండూ అవసరమే లెండి" అని తీర్పు చెప్పారు.

నా ధ్యాసంతా నీళ్ల మీదే. ఈ ఊరు 2008లో కరవుకి తట్టుకోలేక ఓడల్లో మంచినీళ్లు తెప్పించుకుంది. మరుసటి ఏడాదే విమానాశ్రయం దగ్గర్లో రోజుకి 20 కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటి ప్లాంటు మొదలుపెట్టారు. అయినా 2024 ఫిబ్రవరిలో మళ్లీ కరవు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఇదంతా చెబుతుంటే మా ఆవిడ, "ప్రపంచంలో ఏ మూలకెళ్లినా మీకు కుళాయే కనబడుతుంది" అంది. మర్నాడు పార్క్ గ్వెల్ చూశాక ఆవిడే మెత్తబడింది. రంగురంగుల పెంకు ముక్కల అరుగు మీద కూర్చుని అందరూ ఫొటోలు దిగుతారు గదా, ఆ మైదానం మీద పడిన వాన నీరు రాళ్ల పొరల్లో వడగట్టుకుని, కింద మండపం స్తంభాల లోపలి నుంచి జారి, 12 లక్షల లీటర్ల తొట్టిలోకి చేరుతుంది. నూరేళ్ల కిందటి ఇంకుడు గుంత అనుకోండి! అక్కడ 60 ఇళ్ల స్థలాలు వేద్దామనుకుంటే కొనేవాళ్లు రాక, చివరికి అది పార్కు అయింది.

భోజనం సంగతి అడగండి. శాకాహారులకు టమాటా రుద్దిన రొట్టె, వేయించిన బంగాళాదుంపలు, చల్లటి గస్పాచో. మూడో రోజుకి వదినలందరూ సంచుల్లోంచి ఆవకాయ తీశారు. రేవు దగ్గర కొలంబస్ విగ్రహం ఉంది. ఆయన మొదటి యాత్ర ముగించుకుని 1493లో రాజదంపతుల దర్శనానికి వచ్చింది ఈ ఊరికే. అమెరికా ఖండం నుంచి మిరపకాయ బయటి ప్రపంచానికి వచ్చింది ఆ యాత్రల పుణ్యమే. ఆయన వెతుక్కుంటూ వెళ్లింది మన మిరియాల కోసం. దొరికింది మిరపకాయ. గుంటూరు తరఫున ఆయనకి ఒక నమస్కారం పెట్టి, రొట్టెకి ఆవకాయ రాసుకున్నాం.

నాలుగో రోజు సగ్రాదా ఫమీలియా. 1882 మార్చి 19న పునాదిరాయి పడింది. ఈ 2026లో మన ఉగాది కూడా మార్చి 19నే. మరుసటి ఏడాది పని చేపట్టిన గౌడీ 1926లో ట్రాము గుద్ది పోయేదాకా దాన్నే పట్టుకుని ఉన్నాడు. మాసిన బట్టల్లో ఉన్నాడని ఎవరో బిచ్చగాడనుకున్నారట. సమాధి ఆ చర్చి నేలమాళిగలోనే ఉంది. పిల్లలకి కట్టడం రహస్యం మన గుమ్మంతోనే చెప్పాను. రెండు మేకులకి మామిడాకుల తోరణం వదులుగా కడితే ఒక వంపులో వేలాడుతుంది. ఆ దారంలో అంతా లాగుడే. అదే వంపుని తిరగేసి రాయితో కడితే అంతా నొక్కుడే, రాయికి కావలసిందీ అదే. గౌడీ దారాలకి బరువు సంచులు వేలాడదీసి, ఆ వంపుల్ని తిరగేసి చూసుకుని కమానులు తీర్చాడు.

డాక్టరు గారి అమ్మాయి అడిగింది: "ఆయన పోయేనాటికి ఎంత పూర్తయింది అంకుల్?" గంట గోపురాల్లో ఒక్కటి, అంతే. 1936లో అంతర్యుద్ధం వచ్చి అతని నమూనాలు కూడా పగలగొట్టారు. తర్వాతివాళ్లు ఆ ముక్కల్ని ఏరి, అతికించి పని సాగించారు. మేం వెళ్లినప్పుడు క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. 2025 అక్టోబరులో అది జర్మనీలోని ఉల్మ్ చర్చిని దాటి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయింది.

ఆ రాత్రి హోటల్లో వాదన మొదలైంది. నేను గట్టిగానే అన్నాను: "ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు వదులుకుని వెళ్లి ఏం చేస్తారు? మనిషిని పెట్టండి, నెలకోసారి వెళ్లి రండి." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నగారికి జ్ఞాపకం జారిపోతోంది బావగారూ. మతిమరుపు రోగుల్ని నేనూ చూశాను. ఇంకో రెండేళ్లాగితే నేనెవరో ఆయనకి తెలియదు. ఉద్ధరించడానికి కాదు, పొద్దున్నే బీపీ చూసి పేపరు చదివి వినిపించడానికి" అన్నారు. వాళ్లావిడ అప్పటిదాకా ఊరుకుని, "ఆయనకి తండ్రి ఉన్నారు, సరే. నాకు కూతురుంది. జూనియర్ కాలేజీ ఆఖరి ఏడాది దాన్ని వదిలి ఎలా వెళ్లను?" అంది. ఎవరికీ జవాబు రాలేదు. మా ఆవిడే, "మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది గదా వదినా" అంది.

డాక్టరు గారు చేసింది సరైనదో కాదో మాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. సాఫ్ట్‌వేర్ ఆయన పింఛను లెక్కలు వేసి ఇంకా తల పట్టుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం వాదించడం మానేశాను.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. సగ్రాదా టికెట్లు ముందే కొనుక్కోండి. పర్సు ముందు జేబులో పెట్టుకోండి, జేబుదొంగలకి తెలుగువాళ్లంటే పక్షపాతం లేదు. ఆ ఊరి జనం 16 లక్షల పైచిలుకు, వచ్చే యాత్రికులు అంతకు ఎన్నో రెట్లు. యాత్రికుల రద్దీతో విసిగి 2024లో నీళ్ల తుపాకులు పట్టుకుని ఊరేగారు. గల్లీల్లో గొంతు తగ్గించి నడవండి.

అమ్మాయి ఆగస్టు నుంచి మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. పరీక్షలు రాసి డిసెంబరులో ఏలూరు వెళ్లింది. తాతగారు గేటు దాకా వచ్చి, మనవరాలిని పోయిన నాయనమ్మ పేరుతో పిలిచి, "ఇంత ఆలస్యమైందేం, అన్నం తిన్నావా?" అని అడిగారట. అమ్మాయి సరిదిద్దలేదు. "ఇంకా లేదు, కలిసి తిందాం రండి" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిందని డాక్టరు గారు ఫోన్లో చెప్పారు.