పార్కులేను నుంచి రాణీగంజి దాకా

సికింద్రాబాదులో చూడదగినవేమిటని అడిగితే ఎవరైనా గడియార స్తంభం పేరు చెబుతారు, ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి గుడి చెబుతారు, కాస్త తీరిక గలవారైతే పెరేడు మైదానం కూడా చెబుతారు. పార్కులేను పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. వింతేమీ లేదు. చూడడానికి ఆ వీధికి వెళ్ళేవాళ్ళుండరు. చెడిపోయిన వస్తువేదో చంకన పెట్టుకుని వెళతారు. అయినా నా మట్టుకు నేను ఈ మధ్య అక్కడ గడిపిన పూట వంటిది చాలా యాత్రాస్థలాల్లో కూడా దొరకలేదంటే అతిశయోక్తి అనుకోకండి.

పారడైజు స్టేషనులో మెట్రో రైలు దిగుతూండగానే బిర్యానీ వాసన ఎదురొస్తుంది. దాన్ని జయించి ముందుకు నడవగలిగితే మహాత్మాగాంధీ రోడ్డు. పాతకాలపు వాళ్ళు దీన్ని ఇంకా జేమ్సు స్ట్రీటనే అంటారు. మూడో నిజాము సికందర్ జా పేర 1806లో ఈ ఊరికి పేరు పెట్టిన నాటినుంచీ కంటోన్మెంటు దొరలూ, పార్శీ వర్తకులూ, మార్వాడీ సేట్లూ, తమిళ గుమాస్తాలూ వచ్చి చేరిన చోటు కాబట్టి, ఇక్కడి వీధుల పేర్లు ఒక దేశానివి కావు, ఒక కాలానివీ కావు. పార్కులేనులో చెనాయ్ ట్రేడు సెంటరని ఒక భవనం ఉంది. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. సి.టి.సి. అంటే చాలు, ఆటోవాడు మరో ప్రశ్న వేయడు. జంటనగరాల్లో కంప్యూటరు జబ్బుపడితే తీసుకువచ్చే ధర్మాసుపత్రి వంటిది అది. ధర్మానికి చేస్తారని కాదు సుమా, రద్దీ విషయంలో పోలిక!

మేము ముగ్గురం వెళ్ళాం. మా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి, ఆ అమ్మాయి తండ్రి, నేనూను. ఆయన కుట్టుపని చేస్తారు. రెండేళ్ళ క్రితం చీటీ పాడి, పాత లాప్‌టాపు ఒకటి కూతురికి కొనిపెట్టారు. ఇప్పుడు దాని మూత ఒక పక్క ఊడి, గాలికి తలుపు రెక్కలా వేలాడుతోంది. కంప్యూటరు బాగానే పనిచేస్తోంది, మూత నిలబడదు. వెనక పుస్తకాలు పేర్చి ఆనిస్తే గాని తెర కనిపించదు. పదిరోజుల్లో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూ చేస్తామన్నారు, అదీ ఆ తెర ముందు కూచునే. కొత్తది కొనడానికి తండ్రి తన రెండు మిషన్లలో ఒకటి బేరం పెట్టాడని ఆ అమ్మాయి నాతో మెల్లగా చెప్పింది. ఆయనకు వినబడకుండా చెప్పాననుకుంది గాని, ఆయన విన్నాడు. వినీ విననట్టు దుకాణాల బోర్డులు చదువుతూ ముందు నడిచాడు.

సి.టి.సి. లోపల ఎండ ఉండదు, వాన ఉండదు, ఉన్నదల్లా ట్యూబులైటు. కొట్లు అరల్లాంటివి. ఒక్కొక్క దాంట్లో ముగ్గురేసి కుర్రాళ్ళు తలలు వంచి, గోరంత స్క్రూలను అయస్కాంతపు మొన స్క్రూడ్రైవర్లతో ఏరుతూంటారు. గోడవార చచ్చిన లాప్‌టాపులు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. దేని అవయవం దేనికి పనికొస్తుందో ఆ కుర్రాళ్ళకు కంఠతా వచ్చు. వాళ్ళకొక వర్ణమాల కూడా ఉందని అక్కడే తెలిసింది. మూత వెనక భాగం ఏ ప్యానెలు, తెర చుట్టూ ఉండే చట్రం బి, మీటలుండేది సి, అడుగుది డి. తెలుగు పంతులుకు ఏ వర్ణమాలైనా ముచ్చటే గదా!

మొదటి కొట్టు యజమాని మూతను రెండుసార్లు ఎత్తి దించి, "ఏ ప్యానెలు, బి ప్యానెలు, హింజిల జత, మొత్తం మార్చాలె. నాలుగు వేల రెండొందలు," అన్నాడు.

"గింత మేకు ఊడితే నాలుగు వేలా సారూ?" అని తండ్రి నన్నడిగాడు, ధర పెట్టింది నేనైనట్టు.

రెండో కొట్లో నాలుగున్నర. మూడో కొట్లో యజమాని భోజనానికి వెళ్ళాడు. బల్లముందున్న కుర్రవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, బేరం సంగతి ఎత్తకుండా పక్కనున్న సందులో గోరు దూర్చి చట్రాన్ని కొంచెం ఎత్తి లోపలికి లైటు వేశాడు. "చూడండన్నా, హింజి పోలేదు. అది ఉక్కు. దాన్ని పట్టుకున్న ప్లాస్టికు పోయింది. మూడు బాసుల్లో రెండు విరిగినయ్, ఒకటి పొడైంది," అన్నాడు.

మన ఇళ్ళలో తలుపుకు మడతబందు ఉంటుంది. తలుపును తోస్తే పోతుంది, లాగితే వస్తుంది. నడిమధ్య నిలబడమని దాన్నెవరూ కోరరు. లాప్‌టాపు మూత అలా కాదు, వదిలిన చోట ఆగాలి. అందుకని దాని హింజిలో ఉక్కు కడ్డీ మీద సన్నని రేకు బిళ్ళలు కొన్నింటిని ఒత్తిపెట్టి, చివర ఒక నట్టు బిగిస్తారు. ఆ బిళ్ళల రాపిడే మూతను నిలబెడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి గ్రీజు ఎండుతుంది, దుమ్ము చేరుతుంది, రాపిడి పెరుగుతుంది. హింజి బిగుసుకుంటుంది. దాన్ని మూతకు పట్టి ఉంచేవి మాత్రం పెసరగింజంత ఇత్తడి నట్లు, ఆ నట్లను పొదిగిన ప్లాస్టికు దిమ్మెలు. ఆ దిమ్మెలనే బజారులో బాసులంటారు. మూత పై అంచున మనం తోసిన బలం అడుగున అంగుళం దూరంలో ఉన్న ఆ దిమ్మెల మీద అనేక రెట్లయి పడుతుంది. గునపంతో బండను లేపే సూత్రమే. దానికి తోడు ఒక మూల పట్టుకుని ఎత్తే అలవాటు చాలామందికి ఉంది. బరువంతా ఒక హింజి మీదే పడి మెలి తిరుగుతుంది. ఉక్కు లొంగదు, ప్లాస్టికు విరుగుతుంది.

ఇలా మడిచే కంప్యూటర్లలో తొలినాటిది 1982లో వచ్చిన గ్రిడ్ కంపాసు. బిల్ మాగ్రిడ్జ్ అనే ఇంగ్లీషు డిజైనరు దానికి రూపం ఇచ్చాడు. దాని ఒళ్ళంతా మెగ్నీషియం లోహం; అమెరికావాళ్ళు దాన్ని అంతరిక్ష నౌకలో కూడా పంపారు. ఆ ధరకు మనబోటి వాళ్ళం కొనలేం. ధర దిగాలంటే లోహం పోయి ప్లాస్టికు రావాలి. వచ్చింది. దాని ఫలితమే పార్కులేనులో ఇందరికి జీవనోపాధి.

ఆ అమ్మాయి స్నేహితురాలెవరో అంతకు ముందే క్షణంలో అతుక్కునే జిగురు పోసి చూసిందట. ఆ జిగురు కారి హింజి మడతలోకి దిగింది. దాంతో అది మరింత బిగిసి, మిగిలిన దిమ్మెను కూడా పొడిచేసింది. ఆ జిగురు మీద వంటసోడా చల్లితే రాయిలా గట్టిపడుతుందని కొందరు చిట్కా చెబుతారు. గట్టిపడే మాట నిజమే. కాని పెళుసు. కదలని చోట సరే గాని, రోజుకు పదిసార్లు మెలితిరిగే చోట అది ఎన్నాళ్ళుంటుంది? పైగా దాని ఆవిరి తగిలి చుట్టూ తెల్లటి పొర కడుతుంది.

"ముందు హింజిని వదులు చేయండి, తరవాత అతికించండి. వదులు చేయకుండా ఏం పెట్టినా మళ్ళీ ఊడుతది," అన్నాడు కుర్రవాడు. రాణీగంజిలో ఏమేం కొనాలో ఒక చీటీ మీద రాసిచ్చాడు కూడా. ఎంత ఇవ్వమంటావంటే, చాయ్ తాగిపొండి అన్నాడు. ఆ రోజు నేను విన్న మాటలన్నిటిలోకీ విలువైనది ఊరికే దొరికింది.

మహాత్మాగాంధీ రోడ్డు వెంట దక్షిణంగా నడుస్తూ పోతే, బట్టల కొట్లూ నగల కొట్లూ, పార్శీల అగ్ని దేవాలయం దాటాక క్రమంగా వీధి రంగు మారుతుంది. పట్టు తగ్గి ఇనుము మొదలవుతుంది. అదే రాణీగంజి. పంపులు, పైపులు, గొలుసులు, బేరింగులు, తాళ్ళు, రంపాలు. మనిషి ఎత్తు స్పానరు ఒకటి గుమ్మానికి వేలాడదీసిన కొట్టు కూడా చూశాం. ఇక్కడ చిక్కేమిటంటే మాకు కావలసినది మరీ చిన్నది. రెండున్నర మిల్లీమీటర్ల బోల్టు అనగానే మొదటి సేటు కళ్ళజోడు పైకి తోసి, "మీరు గడియారం చేసేవాళ్ళా?" అన్నాడు. నాలుగో కొట్లో ఒక ముసలాయన హోమియోపతి మాత్రల డబ్బాలాంటి దాన్ని తెరిచి, పళ్ళెం తలల బోల్టులు నాలుగు, వాటి నట్లు, వాషర్లు ఏరి చేతిలో పెట్టాడు. రెండు గొట్టాల్లో వచ్చే ఎరాల్డైటు, ఒక సన్న గరుకు కాగితం, రెండున్నర మిల్లీమీటర్ల డ్రిల్లు మొన. అన్నీ కలిపి రెండు వందల లోపే అయింది. నూనె కొనబోతే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. "మిషను నూనె ఇంట్ల ఉంది సార్."

వాళ్ళ ఇల్లు అక్కడికి దగ్గర, బన్సీలాలుపేటలో. దారిలో మెట్లబావి చూపించారు. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయి, అక్కడ బావి ఉన్నదన్న సంగతే జనం మరిచారు. తవ్వి, చెత్త ఎత్తిపోసి, రాతికి రాయి పేర్చి బాగుచేసి 2022 డిసెంబరులో తిరిగి తెరిచారు. ఇప్పుడు అడుగున ఆకుపచ్చటి నీళ్ళు, చుట్టూ మెట్లు, మెట్ల మీద ఫొటోలు దిగే పిల్లలు. చదువుకున్నవారెవరైనా సికింద్రాబాదు వెళితే ఈ బావిని తప్పక చూడాలి. మేము మాత్రం చంకలో ఉన్న రోగిని తలుచుకుని ఎక్కువసేపు నిలవలేదు.

ఆయన బల్ల మీద గుడ్డపరిచి పని మొదలుపెట్టాం. ఛార్జరు తీసేయడం, కంప్యూటరును పూర్తిగా ఆర్పడం, అడుగు మూత తెరవగానే బ్యాటరీ తీగ ఊడదీయడం, ఇవి మొదట చేయవలసినవి. బ్యాటరీ ఉబ్బి ఉందేమో చూడాలి. ఉబ్బితే దాని ఒత్తిడికే చట్రాలు విచ్చుకుంటాయి, అప్పుడు ఇంట్లో చెయ్యి పెట్టడం ప్రమాదం. మాది ఉబ్బలేదు. స్క్రూలన్నీ ఒక పొడవు ఉండవు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే మీటల పక్కన మొటిమలా పైకి లేస్తుంది. తండ్రి ఒక అట్టముక్క మీద లాప్‌టాపు బొమ్మ సుద్దతో గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ గుచ్చాడు. జాకెట్టు ముక్కలు కత్తిరించే చేతికి ఇదొక లెక్కా! హింజి పక్కనుంచి తెరకు పోయే సన్నని తీగల పట్టీ ఒకటుంది. దాన్ని లాగకూడదు, నలపకూడదు. దాన్ని అమ్మాయి పట్టుకుంది.

హింజి చివరి నట్టును ముక్కుపటకారుతో పావు చుట్టు వదులు చేశాం. ఒక చుక్క మిషను నూనె. మూసి, తెరిచి, మళ్ళీ పావులో సగం. ఒక్క వేలితో కదలాలి, వేలు తీస్తే నిలవాలి; అదీ కొలత. మరీ వదులు చేస్తే మూత ముఖం మీద పడుతుంది. కొన్ని రకాల హింజిల్లో ఈ నట్టు ఉండదు, రేకునే కడ్డీ చుట్టూ చుట్టేసి ఉంటారు. వాటికి నూనె చుక్క తప్ప గతి లేదు. కారిన నూనెను మాత్రం స్పిరిటుతో శుభ్రంగా తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు.

తరవాత పాత జిగురు గీకి, విరిగిన చోటు గరుకు కాగితంతో రుద్దాం. ఇత్తడి నట్లను స్క్రూలతో హింజికే బిగించి, స్క్రూ మరలకు కొంచెం వాసెలైను రాశాం, జిగురు లోపలికి పాకి పట్టేయకుండా. ఎరాల్డైటు రెండు గొట్టాలదీ సమపాళ్ళలో కలిపి, నట్ల చుట్టూ గూడులా పోసి, హింజిని దాని చోట కూర్చోబెట్టాం. ఇక ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోరాదు. పొడైపోయిన మూడో దిమ్మె దగ్గర పొయ్యడానికి ఆధారమే లేదు. అక్కడ తెరను పక్కకు తీసిపెట్టి, డ్రిల్లు మొనను గుడ్డలో చుట్టి చేత్తోనే తిప్పుతూ మూతకు రంధ్రం చేశాడాయన. బయటి నుంచి బోల్టు, లోపల వాషరు, నట్టు. అందం చెడుతుందని అమ్మాయి కొంచెం చిన్నబుచ్చుకుంది. "గుండీ కుట్టినట్టుంది లే," అన్నాడు తండ్రి. నా అభిప్రాయంలో ఆ బోల్టే అన్నిటికంటె గట్టి మరమ్మతు. అయితే ఇది మూత వైపే సుమా! అడుగు భాగంలో, కింద ఏ పలక ఉందో తెలియకుండా డ్రిల్లు పెట్టకూడదు.

మర్నాడు సాయంత్రం బిగించి, బ్యాటరీ తగిలించి, మధ్యలో పట్టుకుని మూత ఎత్తితే నిలబడింది. తెర వెలిగింది. వారం తరవాత ఇంటర్వ్యూ దాని ముందే జరిగింది. ఫలితం ఇంకా తెలియలేదు. కొనడానికి వచ్చిన మనిషిని పంపేసి ఆయన రెండో మిషనును గోడవారకు జరుపుకున్నాడు. బోల్టు తల అంచున అమ్మాయి ఎర్ర గోళ్ళరంగుతో సన్నని గీత ఒకటి గీసింది, సగం బోల్టు మీద, సగం మూత మీద. ఆ గీత విరిగినట్టు కనిపించిన రోజున బోల్టు వదులైందన్నమాట, మళ్ళీ బిగించుకోవాలి.