మేక సాధు జంతువు

సెకండ్ ఇయర్‌లో ఎన్ఎస్ఎస్‌లో చేరింది సర్టిఫికెట్ కోసమే. అబద్ధం ఎందుకు! శనివారాలు మా కాలేజీ పక్క ఊరి సర్కారు ప్రైమరీ స్కూలుకి వెళ్లి, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో తెలుగు రాయించాలి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న నాకు ఈ పని! (మీలో సగం మందిదీ అదే బాపతని తెలుసు, నవ్వకండి.)

మొదటి వారం "మీ ఇంట్లో జరిగింది ఏదైనా రాయండి" అన్నా. నాలుగో తరగతి పిల్లాడొకడు రాశాడు: "మా మ్యాక ఈనింది. రెండు పిలలు. ఒకటి సచ్చిపోయింది. మా అవ్వ ఏడ్సింది. నేను ఏడ్వలే."

నేను ఎర్ర పెన్ను తీశా. మ్యాకను మేక చేశా. సచ్చిపోయింది కొట్టేసి చనిపోయింది అని రాశా. పిలలు, ఏడ్సింది, ఏడ్వలే... అన్నిటికీ సున్నాలు చుట్టా, కోడ్‌లో ఎర్రర్లు పట్టినంత హుషారుగా. ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందని మాత్రం అడగలేదు.

మరుసటి శనివారం వాడు రాసింది ఇది: "మేక సాధు జంతువు. మేకకు నాలుగు కాళ్లు ఉండును. మేక మనకు పాలు ఇచ్చును." ఒక్క తప్పు లేదు. అచ్చం మనం టెన్త్‌లో రాసినట్టే. చుట్టడానికి ఏమీ కనబడక నాకు భయమేసింది.

హాస్టల్‌కొచ్చి వెతుకుతుంటే సెలెస్టిన్ ఫ్రెనే అనే ఫ్రెంచి టీచర్ గురించి దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేని మనిషి. 1924లో బార్-సుర్-లూ అనే ఊరి స్కూల్లోకి చిన్న అచ్చు యంత్రం తెచ్చాడు. పిల్లలు ఇంట్లో, దారిలో చూసినవి రాసేవాళ్లు. అందులోంచి ఒకటి అందరూ ఎంచుకుని, కలిసి సరిచూసి, అక్షరం అక్షరం పేర్చి అచ్చు వేసేవాళ్లు. 1926 నుంచి ఆ కాగితాలు దేశం ఆ కొసన బ్రిటనీలో ఉన్న ఇంకో స్కూలుకి పోస్టులో వెళ్లేవి, అక్కడివి ఇక్కడికి వచ్చేవి. కొండ ఊరి సంగతి సముద్రం పక్క పిల్లలకు తెలియదు కదా, వాళ్లకు అర్థమయ్యేలా రాయాల్సిందే. మా వాడికి అలా చదివేవాడు ఎవడూ లేడు. దిద్దేవాడొకడే ఉన్నాడు, నేను.

మా దగ్గర అచ్చు యంత్రం లేదు గానీ చార్టు షీట్లు, గమ్ము, స్కెచ్ పెన్నులు ఉన్నాయి. మా ఎన్ఎస్ఎస్ ఇంకో బ్యాచ్ వెళ్లే ఊళ్లోనూ స్కూలుంది. వాడికి సారీ చెప్పి, మేక సంగతి మళ్లీ రాయమన్నా.

"ఏది రాయాలె అన్నా, నీదా నాదా?" అన్నాడు.

"నీదే."

వారం తర్వాత చార్టు తిరిగొచ్చింది, చుట్టూ చీటీలు అంటించి. "ఎట్ల సచ్చింది?" "బతికినదానికి ఏం పేరు పెట్టినవ్?" ఒక చీటీలో మాత్రం "పిలలు అంటే ఏంది?" అని ఉంది. వాడు పరిగెత్తుకొచ్చి, "అన్నా, లకు వత్తు ఎట్ల పెట్టాలె?" అని అడిగాడు. నేను ఎర్ర సున్నా చుట్టినప్పుడు వాడు తలెత్తి కూడా చూడలేదు, అదే తప్పు! మ్యాక వాళ్లింటి మాట, అది ఎవర్నీ ఆపలేదు. పిలలు దగ్గర పక్కూరి పిల్ల ఆగిపోయింది. నా పెన్నుకి రెండూ ఒకటే అయ్యాయి. పరీక్షలో మ్యాక అంటే మార్కు పోతుందని కూడా చెప్పా. "పరీక్షల మేక రాస్తలే" అన్నాడు, నాకేదో తెలియనట్టు.

ఆ చీటీలకు జవాబుగా పేజీన్నర రాశాడు. రాత్రి వాన, పిల్ల పాలు తాగకపోవడం, అవ్వ దాన్ని గొంగడిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టడం. చివర్లో: "నేను ఏడ్వలే. తెల్లారి ఏడ్సిన."

ఇది మ్యాగజైన్‌కి పంపేముందు వాడికి చదివి వినిపించా. అంతా విని, "బతికినదాని పేరు రాయలేదేందన్నా?" అన్నాడు.

బుడ్డి.